‘ఎవరు చెప్పారు? ఎలా తెలుసు?’ – చరిత్రకారుని ప్రశ్నకు మన సమాధానం

బాలానగర్ మస్జిదులో వారానికి ఒకసారి ఇషా నమాజు తర్వాత హదీసు పాఠం చెబుతుంటాను. ఇది పారిశ్రామిక వాడ. పగలంతా లేతు మిషన్ల దగ్గర నిలబడి పనిచేసి వచ్చిన పెద్దలు, మెట్రో ఎక్కి చదువులకు, ఉద్యోగాలకు వెళ్ళివచ్చే యువకులు ఆ పాఠంలో పక్కపక్కనే కూర్చుంటారు. వారిలో ఒక డిగ్రీ విద్యార్థి వరుసగా రెండు వారాలు కనిపించలేదు. మూడో వారం వాళ్ళ అమ్మగారు కబురు పంపారు. “మౌలానా సాబ్, మా వాడు నమాజుకు వెళ్తున్నాడు గాని, ఇంట్లో హదీసు చదవడం మొదలుపెట్టగానే లేచి పోతున్నాడు. మీరొకసారి మాట్లాడండి.”

మరునాడు అతడిని పిలిచి కూర్చోబెట్టుకున్నాను.

“ఏమైంది బేటా?”

“హజ్రత్, మా కాలేజీకి బయటి నుంచి ఒక ప్రొఫెసర్ గారు వచ్చారు. మతాల చరిత్ర మీద ఉపన్యాసం ఇచ్చారు. అన్ని మతాల గురించీ చెప్పారు. మన విషయం వచ్చినప్పుడు, హదీసు గ్రంథాలు ప్రవక్త గారి తర్వాత రెండు వందల ఏళ్ళకు రాసినవి, ఆ మధ్యలో ఏం జరిగిందో ఎవరికి తెలుసు అన్నారు. నా పక్కనున్న మనవాడు కోపంతో లేచి వెళ్ళిపోయాడు. నేను కూర్చునే ఉన్నాను. కానీ నాకు జవాబు తెలియలేదు. అప్పటి నుంచి హదీసు వింటుంటే ఆ మాటే గుర్తొస్తోంది.”

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు సిగ్గనిపించింది. మదర్సాలో మేము అస్మావుర్రిజాల్, అంటే హదీసులను అందించిన రావీల జీవితాలను పరిశీలించే శాస్త్రం, అరబీలో చదివాము. ఉర్దూలో పరీక్ష రాశాము. కానీ బాలానగర్ పిల్లవాడు తెలుగులో అడిగితే తెలుగులో చెప్పడం మేము నేర్చుకోలేదు. అతడు హదీసుకు దూరమైతే తప్పు అతనిది మాత్రమే కాదు. అందుకే ఆ రోజు అతనికి చెప్పిన విషయాలనే ఈ నెల పాఠంగా మీ ముందుంచుతున్నాను. ఇటువంటి ప్రశ్న మీ ఇంటికి కూడా రావచ్చు. బహుశా వచ్చే ఉంటుంది, మీకు చెప్పకపోయి ఉండవచ్చు.

ముందు వినడం నేర్చుకుందాం

మక్కా నాయకుల్లో ఒకడైన ఉత్బా బిన్ రబీఆ ఒకసారి దైవప్రవక్త (స) వద్దకు వచ్చాడు. ఈ ప్రచారం మానుకుంటే ధనం ఇస్తాము, నాయకత్వం ఇస్తాము, ఒకవేళ ఏదైనా ఆవహించి ఉంటే వైద్యం చేయిస్తాము అని చాలాసేపు మాట్లాడాడు. అందులో అవమానకరమైన మాటలు కూడా ఉన్నాయి. అయినా ఆయన (స) మధ్యలో ఆపలేదు. అతడు ముగించిన తర్వాత, అబుల్ వలీద్ అనే గౌరవప్రదమైన పేరుతో పిలిచి, చెప్పదలచుకున్నది పూర్తయిందా అని అడిగారు. అతడు అవునన్న తర్వాతే హామీమ్ సజ్దా సూరా పఠించి వినిపించారు. ఇబ్నె ఇస్‌హాఖ్ సీరత్ గ్రంథంలో ఈ సంఘటన ఉంది.

దీనినిబట్టి మనకు బోధపడేదేమిటి? ఎదుటివారి మాట పూర్తిగా వినడం ఈమాన్ బలహీనత కాదు. లేచి వెళ్ళిపోయిన యువకునికి ధర్మంపై ప్రేమ ఉంది, సందేహం లేదు. కానీ అతడు వెళ్ళిపోవడంతో ఆ హాలులో జవాబు చెప్పగల మనిషి ఒకరు తగ్గారు. కూర్చున్న యువకుడు విన్నాడు, కానీ విన్నది తనలోనే దాచుకుని రెండు వారాలు కుమిలిపోయాడు. తెలియకపోతే తెలిసినవారిని అడగమని దివ్యఖుర్ఆన్ (16:43) ఆదేశిస్తోంది. వినాలి, ఆ తర్వాత అడగాలి. ఈ రెండూ కలిసినప్పుడే విద్య అవుతుంది.

నూరేళ్ళ క్రితం మద్రాసులో

కాలేజీ విద్యార్థులకు మతచరిత్రను వివరించవలసిన అవసరం మన పెద్దలకు నూరేళ్ళ క్రితమే కలిగింది. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. మన ప్రాంతపు పిల్లలు చాలామంది పై చదువులకు మద్రాసు వెళ్ళేవారు. అక్కడ ఒక అమెరికన్ క్రైస్తవుని విరాళంతో, విశ్వవిద్యాలయ విద్యార్థుల ముందు క్రైస్తవ ధర్మంపై పండితుల ఉపన్యాసాలు జరుగుతుండేవి. అది చూసి ముస్లిం పెద్దలు ఫిర్యాదు చేయలేదు, సభ నుంచి లేచి రాలేదు. ‘ఇటువంటి మంచి ఏర్పాటు మనమూ ఎందుకు చేయకూడదు?’ అని ఆలోచించారు. దక్షిణ భారత ముస్లిం విద్యా సంఘం తరఫున, సేఠ్ జమాల్ ముహమ్మద్ గారి ప్రోత్సాహంతో, చరిత్రకారుడు మౌలానా సయ్యద్ సులైమాన్ నద్వీ (రహ్మ) గారిని ఆహ్వానించారు.

నద్వీ గారు 1884లో బీహార్‌లోని దేస్నాలో జన్మించారు. అల్లామా షిబ్లీ నుఅమానీ గారి శిష్యులు. గురువు గారు మొదలుపెట్టిన ‘సీరతున్నబీ’ బృహద్గ్రంథాన్ని ముందుకు తీసుకువెళ్ళిన పండితులు. 1925 అక్టోబరు, నవంబరు నెలల్లో మద్రాసు లాలీ హాలులో ఆయన ఎనిమిది ఉపన్యాసాలు ఇచ్చారు. అవే ‘ఖుత్బాతె మద్రాస్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. నేటికీ మదర్సాల్లో, ఇళ్ళలో చదువుతున్నారు.

విద్యార్థుల ముందు ఆయన నాలుగు కొలమానాలు పెట్టారు. ఒక మహనీయుని జీవితం సర్వమానవాళికి శాశ్వత ఆదర్శం కావాలంటే అది చరిత్రలో రుజువైనదై ఉండాలి, అంటే తారీఖియత్. ఆ జీవితంలోని అన్ని దశలూ తెలిసి ఉండాలి, అంటే కామిలియత్. అన్ని వర్గాల మనుషులకూ అందులో మార్గం దొరకాలి, అంటే జామియత్. చెప్పినది ఆచరించి చూపినదై ఉండాలి, అంటే అమలియత్. మూడవ ఉపన్యాసం పూర్తిగా మొదటి కొలమానంపైనే సాగింది. గమనించండి, ఆయన చరిత్రకారుని ప్రశ్నకు భయపడి తలుపు వేయలేదు. ఆ ప్రశ్ననే ముందు పెట్టుకున్నారు. ఆయన ఏ ప్రవక్తనూ తక్కువ చేయలేదు. ప్రవక్తలందరినీ విశ్వసించడం మన ఈమాన్‌లో భాగం. ఎవరి జీవిత వివరాలు ఎంత భద్రంగా మన వరకు చేరాయి అన్నదే అక్కడి చర్చ.

ఆ వరుసలోనే 1927లో మార్మడ్యూక్ పిక్తాల్ గారు మద్రాసులో ఉపన్యసించారు. ఇస్లాం స్వీకరించిన ఈ ఆంగ్ల రచయిత అప్పటికే హైదరాబాదు చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రధానాధ్యాపకులుగా వచ్చి ఉన్నారు. 1929 జనవరిలో అల్లామా ఇఖ్బాల్ గారు మద్రాసులో ప్రసంగించి, అక్కడి నుంచి మైసూరు, హైదరాబాదులకు వచ్చారు. అంటే కాలేజీ సభలో ధర్మచరిత్రను చర్చించడం మనకు కొత్త కాదు, పరాయిది అంతకన్నా కాదు.

ఈ ప్రశ్న మొదట ఎక్కడ పుట్టింది?

‘నీకెలా తెలుసు? సాక్షి ఎవరు?’ అన్నది విశ్వవిద్యాలయాల్లో పుట్టిన ప్రశ్న అనుకుంటాం. అది మదీనా వీధుల్లో సహాబాలు ఒకరినొకరు అడిగిన ప్రశ్న.

హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఒకసారి హజ్రత్ ఉమర్ (రజి) గారి ఇంటికి వెళ్ళి మూడుసార్లు అనుమతి కోరారు. జవాబు రాకపోయేసరికి తిరిగి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళిపోయావని ఖలీఫా అడిగితే, మూడుసార్లకు అనుమతి దొరకకపోతే వెనుదిరగాలని దైవప్రవక్త (స) బోధించారని చెప్పారు. అప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఏమన్నారు? దీనికి సాక్షిని తీసుకురమ్మన్నారు! అబూ మూసా (రజి) కలవరపడుతూ అన్సారుల సమావేశానికి వెళ్ళారు. అక్కడి నుంచి హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) వచ్చి సాక్ష్యమిచ్చారు. ఈ ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అడిగినవారు ఖలీఫా, చెప్పినవారు సహాబీ. ఇద్దరి నిజాయితీపైనా ఎవరికీ సందేహం లేదు. అయినా ప్రవక్త (స) పేరుతో వచ్చే మాట కాబట్టి ఇంత జాగ్రత్త.

వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కాకపోతే విచారించి తెలుసుకోమని ఖుర్ఆన్ (49:6) ఇచ్చిన ఆదేశమే దీనికి పునాది. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లా (రజి) ఒకే ఒక్క హదీసును విన్నవారి నోటనే వినాలని నెల రోజులు ప్రయాణం చేసి సిరియా వెళ్ళారు. ఈ పరిశీలన నుంచే ‘సనద్’, అంటే ఎవరి నుంచి ఎవరు విన్నారనే గొలుసు, ఒక శాస్త్రంగా ఎదిగింది.

ఆ రెండు వందల ఏళ్ళలో ఏం జరిగింది?

ఇప్పుడు అసలు ఆక్షేపణకు వద్దాం. దైవప్రవక్త (స) హిజ్రీ 11లో (క్రీ.శ. 632) పరమపదించారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) హిజ్రీ 256లో మరణించారు. ఈ లెక్క తప్పు కాదు. తప్పు ఎక్కడుందంటే, పుస్తకం కూర్చిన రోజును ఆ మాట పుట్టిన రోజు అనుకోవడంలో ఉంది.

హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ప్రవక్త (స) జీవితకాలంలోనే హదీసులు రాసుకున్నారు. ఆ సంకలనాన్ని ‘సహీఫయె సాదిఖా’ అంటారు. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) హిజ్రీ 99–101 మధ్య తన పాలనలో హదీసులను సేకరించి రాయమని ఆజ్ఞలు పంపారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) గారి ‘ముఅత్తా’ బుఖారీ గారు పుట్టకముందే వాడుకలో ఉంది.

అన్నిటికన్నా ఆసక్తికరమైన ఉదాహరణలో మన హైదరాబాదు బిడ్డకు భాగముంది. హజ్రత్ అబూ హురైరా (రజి) గారి శిష్యుడు, యమన్‌కు చెందిన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ (రహ్మ). గురువు గారి వద్ద విన్న హదీసులను ఆయన ఒక సహీఫాగా రాసుకున్నారు. 1908లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (రహ్మ) గారు ఆ సహీఫా రాతప్రతులను బెర్లిన్, డమాస్కస్ నగరాల్లో గుర్తించి, 1953లో ప్రచురించారు. అందులో 138 హదీసులున్నాయి. హిజ్రీ 241లో మరణించిన ఇమామ్ అహ్మద్ (రహ్మ) తన ‘ముస్నద్’లో ఇదే సనద్‌తో ఈ హదీసులను నమోదు చేశారు. హమ్మామ్ నుంచి మఅమర్, మఅమర్ నుంచి అబ్దుర్రజ్జాఖ్, ఆయన నుంచి ఇమామ్ అహ్మద్. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే స్వల్ప పదభేదాలు తప్ప విషయం ఒక్కటే. అంటే మధ్యలోని గురుశిష్యులు తమకు అందినదాన్ని మార్చకుండా అందించారు.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. ఆ రాతప్రతులు హమ్మామ్ గారి స్వదస్తూరీ కావు, తరువాతి శతాబ్దాల్లో ఎత్తి రాసినవి. ఎవరైనా చరిత్రకారుడు ఈ మాట అంటే ‘అవును’ అని ఒప్పుకోవాలి. ఒప్పుకున్న తర్వాత, వేర్వేరు దారుల్లో వచ్చిన ప్రతులు ఇంతగా ఎలా కలిశాయని మనమూ అడగవచ్చు. సత్యానికి అతిశయోక్తి అవసరం లేదు.

మన యువకుడు విన్న వాదన కూడా నిన్న పుట్టింది కాదు. కైరోలోని అల్-అజ్హర్‌లో సైతం చదివిన హంగేరీ పండితుడు ఇగ్నాజ్ గోల్డ్‌జిహర్ 1890లో, జోసెఫ్ షాఖ్త్ 1950లో దీన్ని గట్టిగా వాదించారు. ఉత్తరప్రదేశ్‌లోని మవూలో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ ముస్తఫా ఆజమీ (రహ్మ) 1966లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోనే పరిశోధన చేసి దానికి జవాబిచ్చారు. ముస్లిం కాని జర్మన్ పరిశోధకుడు హెరాల్డ్ మోట్స్కీ 1991లో అబ్దుర్రజ్జాఖ్ గారి ‘ముసన్నఫ్’ను పరిశీలించి, అందులో మొదటి హిజ్రీ శతాబ్దానికి చేరే సమాచారం ఉందని నిరూపించారు. చరిత్రకారులందరిదీ ఒకే మాట కాదు. ఒక ఉపన్యాసంలో విన్నది ఆ శాస్త్రం చివరి తీర్పు అనుకోకూడదు.

కల్పిత హదీసులు లేవా?

“మరి దొంగ హదీసులు పుట్టలేదా హజ్రత్?” అని అతడు అడిగాడు. పుట్టాయి. ఈ సంగతి మనకు చెప్పింది బయటివారు కాదు, మన ముహద్దిసులే. ఇబ్నుల్ జౌజీ (రహ్మ, మరణం హిజ్రీ 597) కల్పిత హదీసులను ఏరి ‘అల్-మౌజూఆత్’ పేరుతో గ్రంథమే రాశారు. ఇమామ్ బుఖారీ గారి గురువు అలీ బిన్ మదీనీ (రహ్మ) తన కన్నతండ్రి హదీసు విషయంలో బలహీనుడని ప్రకటించారు. ఇంటి పరువు చూసుకోలేదు, దైవప్రవక్త (స) పేరును కాపాడారు. దొంగ నాణేలు ఉన్నాయని చెప్పి అసలు నాణేలను పారేయము కదా! కంసాలి దగ్గర గీటురాయి ఉన్నట్లు ముహద్దిసుల దగ్గర సనద్ ఉంది.

గీటురాయి మన ఊళ్ళోనే ఉంది

నా అలమరలో నుంచి ఒక సంపుటం తీసి అతని చేతిలో పెట్టాను. హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మ) గారి ‘తహ్‌జీబుత్తహ్‌జీబ్’. నా దగ్గరున్నది పాత ప్రతి నుంచి తీసిన ఫోటో ముద్రణ. ఎక్కడ అచ్చయిందో చదవమన్నాను. అరబీ అక్షరాలను కూడబలుక్కుని చదివాడు: హైదరాబాద్ దక్కన్!

1888లో హైదరాబాదులో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఈ గ్రంథాన్ని పన్నెండు సంపుటాల్లో ముద్రించింది. ఇమామ్ బుఖారీ గారి ‘తారీఖె కబీర్’, ఇబ్నె అబీ హాతిమ్ గారి ‘అల్-జర్హ్ వత్తఅదీల్’ కూడా ఇక్కడి నుంచే ప్రపంచానికి అందాయి. ఆ సంస్థ ఉస్మానియా ప్రాంగణంలో ఉంది.

ఇద్దరం హమ్మామ్ బిన్ మునబ్బిహ్ పేరు వెతికాము. ఆయన ఎవరెవరి నుంచి విన్నారు, ఆయన నుంచి ఎవరు విన్నారు, విమర్శకులు ఏమన్నారు అన్నీ ఉన్నాయి. యహ్యా బిన్ మయీన్ (రహ్మ) ఆయనను ‘సిఖా’, అంటే విశ్వసనీయుడు అన్నారు. మరణించిన సంవత్సరం విషయంలో భిన్నాభిప్రాయాలుంటే వాటినీ రాశారు. ఇలా వేలమంది రావీల వివరాలు. “మధ్యలో ఏం జరిగిందో ఎవరికి తెలుసు అన్నారు కదా బేటా, మధ్యలో ఉన్నవారి పేర్లే ఇవి” అన్నాను. అతడు చాలాసేపు ఆ పేజీని చూస్తూ ఉండిపోయాడు.

చరిత్ర హద్దు, మన హద్దు

ఒక మాట ఎవరి ద్వారా, ఎప్పుడు, ఎలా చేరిందో చరిత్ర విచారించగలదు. 2015లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోని ఖుర్ఆన్ పత్రాల తోలును కార్బన్ పరీక్ష చేస్తే అది క్రీ.శ. 568–645 మధ్య కాలానిదని తేలింది. ఇది తోలు వయస్సు. రాత కూడా చాలా ప్రాచీనమైనదని చెప్పడానికి ఇది బలమైన ఆధారం. కానీ ఆ పత్రంలోని వాణి అల్లాహ్ నుంచి అవతరించిందా లేదా అన్నది ఏ పరీక్షా తేల్చలేదు. అది ఈమాన్ విషయం. చరిత్రకారుడు తన హద్దు దాటి ‘వహీ లేదు’ అంటే అది చరిత్ర కాదు, ఆయన అభిప్రాయం. మనం మన హద్దు దాటి ఆధారాల ప్రశ్న అడిగినవారినల్లా శత్రువులుగా చూస్తే అది కూడా న్యాయం కాదు.

మన మాటలో న్యాయం కోరుకునేవారు ఇతరుల విషయంలో న్యాయం చేయాలి. వెయ్యేళ్ళ క్రితం అల్-బీరూనీ (రహ్మ) సంస్కృతం నేర్చుకుని, హిందువుల విశ్వాసాలను వారి గ్రంథాల నుంచి, వారి పండితుల నుంచి తెలుసుకుని ‘కితాబుల్ హింద్’ రాశారు. దాని అరబీ మూలాన్ని దాయిరతుల్ మఆరిఫ్ 1958లో ప్రచురించింది. మన తెలుగునాట చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కాకపోయినా, ఖుర్ఆన్‌ను తెలుగులోకి అనువదించి మన భాషకు మేలు చేశారు. ఎదుటివారి గ్రంథాన్ని శ్రద్ధగా చదివినవారే ఎదుటివారి గురించి మాట్లాడటానికి అర్హులు.

ఆ తర్వాతి వారం

ఆ విద్యార్థి మళ్ళీ పాఠానికి వచ్చాడు. ఆ రోజు విద్య ప్రాధాన్యం చెబుతూ, జ్ఞానం కోసం చైనా వరకైనా వెళ్ళమని హదీసు ఉందని అలవాటుగా అనేశాను. పాఠం ముగిసిన తర్వాత అతడు చేయెత్తాడు. “హజ్రత్, ఇది ఏ గ్రంథంలో ఉంది? సనద్ ఎలాంటిది?” పెద్దలు కొందరు అతనివైపు కోపంగా చూశారు.

చూసి చెబుతానన్నాను. ఆ రాత్రి చూశాను. ఇబ్నుల్ జౌజీ గారు దాన్ని కల్పిత హదీసుల్లో చేర్చారు! జ్ఞానార్జన ప్రతి ముస్లింపై విధి అని తెలిపే హదీసు ఇబ్నె మాజాలో ఉంది, పలువురు పండితులు దాన్ని స్వీకరించారు. చైనా మాట మాత్రం రుజువైనది కాదు. తర్వాతి వారం అందరి ముందూ నా తప్పు దిద్దుకున్నాను. దైవప్రవక్త (స) అనని మాటను బుద్ధిపూర్వకంగా ఆయనకు అంటగట్టడం నరకానికి దారి అని ఎన్నో సనద్‌లతో వచ్చిన హెచ్చరిక ఉంది. నేను తెలియక అన్నాను, కానీ తెలిసిన తర్వాత ఊరుకుంటే అది తెలిసి చేసిన తప్పే అవుతుంది. కోపంగా చూసిన పెద్దాయనే ఆ రోజు ఆ కుర్రవాడిని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ప్రియమైన తల్లిదండ్రులారా! మీ పిల్లలు కాలేజీలో విన్న మాట ఇంటికి తెచ్చినప్పుడు నోరు మూయించకండి. తెలిస్తే చెప్పండి, తెలియకపోతే ‘కనుక్కుందాం’ అనండి. ఇంట్లో హదీసు చదివేటప్పుడు గ్రంథం పేరు, సహాబీ పేరు కూడా పైకి చదవండి. ఫోనులో ఏదైనా హదీసు వస్తే ఆధారం చూడకుండా ఇతరులకు పంపకండి. విద్యార్థులారా! ఉపన్యాసం చివరి వరకు వినండి, వక్త అన్నదాన్ని అన్నట్లే రాసుకోండి, మర్యాదగా అడగండి. ఉత్తమ రీతిలో చర్చించమన్నది ఖుర్ఆన్ (16:125) ఆజ్ఞ.

అల్లాహ్ మనకు సత్యాన్ని సత్యంగా గుర్తించే దృష్టిని, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకునే ధైర్యాన్ని, తెలిసినదాన్ని ఆచరించే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.